కాశ్యప గోత్రపు తోడేలు

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పట్లో నా బతుకు చూసి నవ్వే ఓపిక ఎవరికీ లేదు, నాకైతే అసలే లేదు. ఎమ్మెస్ అయింది, ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం నిలవాలంటే హెచ్-వన్ వీసా లాటరీలో నా పేరు రావాలి. కంపెనీవాళ్ళు రెండుసార్లు వేశారు, రెండుసార్లూ రాలేదు. ఇంకొక్కసారి మిగిలింది. అదీ పోతే పెట్టె సర్దుకోవడమే. క్లాసులో నా వెనక కూర్చుని హాయిగా నిద్రపోయినవాడికి మొదటి విడతలోనే వచ్చేసింది (ఫోన్ చేసి మరీ "నీకూ వస్తుందిలే" అన్నాడు, ఆ 'లే' ఇంకా నా చెవిలోనే ఉంది). శని అందరినీ ఊళ్ళోనే పట్టుకుంటాడట. నా శని మాత్రం వీసా స్టాంపింగ్ చేయించుకుని, విమానంలో నా పక్క సీట్లో కూర్చుని వచ్చాడని అప్పట్లో గట్టిగా నమ్మేదాన్ని.

నేనొక్కదాన్నే నమ్మితే ఏ గొడవా లేకపోయేది, మా అమ్మ కూడా నమ్మింది. తెనాలిలో సిద్ధాంతిగారు నా జాతకం చూసి, "ఏలినాటి శని నడుస్తోందమ్మా. ప్రతి శనివారం నువ్వుల నూనె రాసిన చపాతీ నల్లకుక్కకి పెట్టమనండి" అన్నారట. "ఎంతసేపే, అలా వీధిలోకెళ్ళి పెట్టేసి రా" అంది అమ్మ ఫోన్‌లో. వీధిలోకట! నార్త్ కరోలినాలో వీధికుక్క అనే జాతే లేదని ఆవిడకెలా చెప్పను? ఇక్కడ ప్రతి కుక్కకీ ఒక ఇల్లు, ఒక డాక్టరు, ఒక ఇన్సూరెన్స్ ఉంటాయి. నా పరిస్థితి అంత బాగా లేదు. అయినా ఒక శనివారం డబ్బాలో చపాతీ పెట్టుకుని మోరిస్‌విల్‌లో ఒక పార్కుకి వెళ్ళాను. నల్లగా నిగనిగలాడే లాబ్రడార్‌ని పట్టుకుని ఒక పెద్దాయన వస్తున్నాడు. "మీ కుక్కకి ఇది పెట్టొచ్చా సర్?" అని అడిగాను. "దేనికి?" అన్నాడు. దేనికని చెప్పను నా ఖర్మ! నోటికొచ్చింది అనేశాను: "ఫర్ సాటర్న్, సర్." ఆయన కుక్కని లాక్కుని, దాదాపు పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయాడు. ఆ చపాతీ కార్లో కూర్చుని నేనే తిన్నాను.

నేనప్పుడు మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో, మేడ మీద గదిలో ఉండేదాన్ని. అన్నయ్య మంచివాడే గానీ ఉత్సాహం ఎక్కువ. ఆయన కొన్న పడవ గరాజ్‌లో ఉంది, అది ఇంతవరకూ నీళ్ళు చూడలేదు. తేనెటీగల పెట్టె పెరట్లో ఉంది, అందులో ఈగ లేదు. అలాంటి మనిషి నా లాబ్రడార్ భాగవతం విని పడీపడీ నవ్వి, మరుసటి వారం కొండల వైపు వెళ్ళి, కార్ వెనక సీట్లో ఒక నల్లటి కుక్కపిల్లను వేసుకుని దిగాడు. "చిట్టీ! నీ శని వదిలింది పో! మన ఇంట్లోనే నల్లకుక్క!" అన్నాడు. కిందికి దిగినదాన్ని చూశాను. ఒళ్ళంతా నలుపు, కళ్ళు మాత్రం పసుప్పచ్చగా ఉన్నాయి. కాళ్ళు ఆ ఒంటికి అతికినట్టు లేవు. "ఇది కుక్కేనా అన్నయ్యా?" అన్నాను. "జర్మన్ షెపర్డేనే. కొంచెం తోడేలు కలిసిందట. లో కంటెంట్ అన్నాడు అమ్మినవాడు. అంటే లో-ఫ్యాట్ పాల లాంటిదే, ఉన్నా లేనట్టే" అన్నాడు. మా వదిన వరంగల్ ఆవిడ. చేతిలో గరిటెతో బయటికొచ్చి ఎగాదిగా చూసి, "గిదేం కుక్కనయ్యా? దాని కాళ్ళు జూడు, నీ కాళ్ళకన్న పొడుగున్నయి. గది నన్ను జూస్తలేదు, నా ఎనక గోడను జూస్తున్నది. రూల్సు గిట్ల అడిగినవా?" అంది. "చూశానే! స్టేట్ రూల్స్ మొత్తం చదివాను. వద్దని ఎక్కడా లేదు" అన్నాడు అన్నయ్య. పేరు భైరవ అని పెట్టాం. ఇంకేం పేరు పెడతాం?

తోడేలంటే ఎంత వీరుడో అనుకుంటారు. భైరవ అంత పిరికి ప్రాణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు, నన్ను కలుపుకుని చెబుతున్నాను. మిక్సీ వేస్తే పరుగు, డోర్‌బెల్ మోగితే పరుగు, కొరియర్ అతను గుమ్మంలో ఏదైనా పెట్టి వెళితే ఆ అట్టపెట్టెను చూసి పరుగు. పరిగెత్తి లాండ్రీ రూమ్‌లో వాషింగ్ మెషీన్ వెనక దూరేది. భయం లేనప్పుడు మాత్రం సోఫా తినేది. కంచె కింద గొయ్యి తవ్వేది. తలుపు గొళ్ళెం తీయడం నేర్చుకుంది (నాకు ఆ గొళ్ళెం ఇప్పటికీ సరిగ్గా రాదు). అస్సలు మొరిగేది కాదు. ఒక్క కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం మెడ పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఊ... అని రాగం తీసేది. కుక్కరూ భైరవా పోటీ పడితే వదినకి ఎన్ని విజిల్స్ వచ్చాయో లెక్క తప్పేది. పప్పు అడుగంటేది. "దీనికన్న నాలుగు తేనెటీగలు తెచ్చినా నయముండె" అని అన్నయ్య మీద విరుచుకుపడేది. కానీ అడుగంటిన పప్పు పైపైన తీసి, చల్లార్చి, దాని గిన్నెలో వేసేది కూడా ఆవిడే.

మొదటి శనివారం చపాతీ పెట్టాను. మెషీన్ వెనక నుంచి ఒక ముక్కు వచ్చింది, నా చేతిని మెల్లగా వాసన చూసింది, చపాతీని అంచు పట్టుకుని ఎంతో మర్యాదగా లాక్కుంది. నాకెందుకో ఏడుపొచ్చింది. ఆ దేశంలో నా చేతిలోంచి ఏదైనా తీసుకున్న మొదటి ప్రాణి అదేననిపించింది. వారాలు గడిచాయి. వదిన గుడిలో ఒక్క ఆంటీకి, ఒకే ఒక్క ఆంటీకి, ఈ సంగతి చెప్పింది. ఇంకేముంది, మరుసటి శనివారం మా డ్రైవ్‌వే నిండా కార్లే. ఆ పై వారానికి వాట్సాప్ గ్రూప్, అందులో పొద్దుటి స్లాట్లు, సాయంత్రం స్లాట్లు. గ్రీన్ కార్డ్ రానివాళ్ళు, లేఆఫ్ అయినవాళ్ళు, ఇల్లు అమ్ముడుపోనివాళ్ళు, ఎంత చెప్పినా పెళ్ళి చేసుకోని కొడుకున్నవాళ్ళు. అమెరికాలో ఇంతమందికి శని పట్టిందా అని ఆశ్చర్యపోయాను. నేనొక్కదాన్నే కాదని కొంచెం ధైర్యం కూడా వచ్చింది. గుమ్మం ముందు గుట్టలుగా చెప్పులు. వంటింటి గట్టు మీద డబ్బాలు డబ్బాలుగా నూనె చపాతీలు.

తీరా చూస్తే భైరవ ఎవరి చేతా తీసుకోదు. నా చేతిలోంచి తప్ప ముట్టుకోదు. దాంతో, కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేసిన నేను లాండ్రీ రూమ్ గుమ్మంలో పురోహితురాలినయ్యాను. వచ్చినవాళ్ళు చపాతీ నా చేతికివ్వడం, గోత్రం, నక్షత్రం, పేరు చెప్పడం, నేను కళ్ళు మూసుకుని అవన్నీ పైకి చదివి, వాషింగ్ మెషీన్ వెనక్కి చెయ్యి చాచడం. కొన్నాళ్ళకి భైరవకి అది అలవాటైపోయింది. 'గోత్రోద్భవస్య' అనగానే ముక్కు బయటికొచ్చేది. "పక్కవాళ్ళు పెడితే ఫలితం మనకొస్తుందంటావా తల్లీ? పవర్ ఆఫ్ అటార్నీ చెల్లుతుందా?" అని ఒక అంకుల్‌కి అనుమానం (ఆయన ప్రాజెక్ట్ మేనేజర్, దేవుణ్ణి కూడా డెలివరీ డేట్ అడిగే రకం). సిద్ధాంతిగారికి ఫోన్ చేసి కనుక్కుంటే చెల్లుతుందన్నారు. ఒకసారి ఒక ఆంటీ తన అమెరికన్ అల్లుణ్ణి తీసుకొచ్చి, "అయ్యో, ఇతనికి గోత్రం లేదే!" అని కంగారుపడింది. "గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పొచ్చు ఆంటీ, మా నాయనమ్మ చెప్పేది. లోకంలో ఎవరూ లేనివాళ్ళకి ఆ గోత్రం ఉందిట" అన్నాను. ఆ అబ్బాయి ఎంత మురిసిపోయాడో! వెళ్ళేదాకా "కాష్యప్, కాష్యప్" అనుకుంటూనే ఉన్నాడు.

ఇలా సాగితే ఏ బాధా లేకపోయేది. కానీ మన ప్రాజెక్ట్ మేనేజర్ అంకుల్‌కి గ్రీన్ కార్డ్ ఎంతకీ కదలడం లేదు. చపాతీ ఒక్కటే చాలదని ఆయన తీర్మానించి, ఒక శనివారం పళ్ళెం, కర్పూరం, కుంకుమ భరిణె పట్టుకుని దిగాడు. సాక్షాత్తూ కాలభైరవుడికి బొట్టు పెట్టి హారతి ఇవ్వకుండా పనెలా అవుతుందన్నాడు. "వద్దు అంకుల్, భయపడుతుంది" అన్నాను. "నాకా?" అన్నాడు. "దానికి అంకుల్" అన్నాను. వినలేదు. అందరూ లాండ్రీ రూమ్ గుమ్మం దగ్గర మూగారు. నేను భైరవ మెడ పట్టీ పట్టుకుని కూర్చున్నాను. కర్పూరం వెలిగింది. అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. నేను అలవాటు చొప్పున కళ్ళు మూసుకుని గోత్రం అందుకున్నాను. అంకుల్ ఒక చేత్తో హారతి తిప్పుతూ, రెండో చేత్తో బొట్టు పెడుతూ ఆయనా కళ్ళు మూసుకున్నాడట. అంతే, 'ఖణేల్' మని పళ్ళెం కింద పడిన చప్పుడు, "అమ్మో!" అని కేక. కళ్ళు తెరిచేసరికి భైరవ మెషీన్ వెనక వణుకుతోంది, అంకుల్ వేలి మీంచి రక్తం కారుతోంది, తువ్వాలు అంటుకుని పొగ వస్తోంది. వదిన ఆ తువ్వాలు మీద రసం పోసేసింది, చేతికి అదే అందింది పాపం.

గాయం చిన్నదే. అంకుల్ టెటనస్ సూది కోసం క్లినిక్‌కి వెళ్ళాడు. నర్సు ఏం కరిచిందని అడిగింది. కుక్క అని ఊరుకోవచ్చుగా! "నాట్ ఏ డాగ్, మేడమ్. వుల్ఫ్-డాగ్. వెరీ పవర్‌ఫుల్" అన్నాడట, మామూలు కుక్క కరిస్తే తన హోదాకి తక్కువన్నట్టు. కాటు కేసులు వాళ్ళు కౌంటీకి చెప్పాలి, చెప్పేశారు. సాయంత్రానికి మా ఇంటి ముందు యానిమల్ కంట్రోల్ బండి ఆగింది. అందులోంచి దిగిన ఆఫీసర్ నడివయసు ఆవిడ, గొంతు చాలా నెమ్మది. యూనిఫాం కనబడగానే నేను వదిన వెనక్కి తప్పుకున్నాను. ఆ రోజుల్లో పోస్ట్‌మన్‌ని చూసినా దేశం నుంచి పంపించేస్తారేమోనని భయం నాకు.

ఆవిడ చెప్పింది విన్నాక నా భయం నేను మర్చిపోయాను. కుక్క కరిస్తే పది రోజులు ఇంట్లో కట్టేసి చూస్తారట. తోడేలు కలిసినదైతే ఆ పద్ధతి చెల్లదట. పిచ్చికుక్క జబ్బు టీకా కుక్కల మీదే పరీక్షించారు, తోడేలు రక్తం మీద పనిచేస్తుందని చట్టం ఒప్పుకోదు. వేయించిన టీకా వేయించనట్టే లెక్క. "మరేం చేస్తారు?" అన్నాడు అన్నయ్య. పిచ్చి ఉందో లేదో తెలియాలంటే మెదడు పరీక్ష చేయాలంది. బతికున్నదానికి ఆ పరీక్ష చేయలేరంది. ఇంకోటి కూడా చెప్పింది. స్టేట్ ఏమీ అనదు నిజమే, కౌంటీకో రూలు, ఊరికో రూలు. మా కౌంటీలో ఇలాంటివాటిని అసలు ఉంచుకోకూడదు. అన్నయ్య చదివింది స్టేట్ దాకానే. వదిన "అది ఉత్త పిరికిది మేడమ్, కుక్కర్‌కే భయపడ్తది" అని తెలుగులోనే మొత్తుకుంటోంది.

"కరవడం ఎవరు చూశారు?" అని అడిగింది ఆఫీసర్. పళ్ళెం అంచు గీసుకున్నా అలాంటి గాయమే అవుతుందంది. ఎవరూ చూడలేదన్నాం. "ఆ గదిలో ఎంతమంది ఉన్నారు?" "గది నిండా మేడమ్." "ఎవరూ చూడలేదా?" "కళ్ళు మూసుకున్నాం మేడమ్." ఆవిడ నా వైపు తిరిగి, "మరి నువ్వు? దాన్ని పట్టుకున్నది నువ్వేగా?" అంది. "నేనూ మూసుకున్నాను." పెన్ను పక్కన పెట్టి ఆవిడ మా ముగ్గురినీ వరసగా చూసింది. "ఇంట్లో నిప్పు వెలిగించి, ఆ నిప్పు ఒక తోడేలు మొహం దగ్గర పెట్టి, అందరూ ఒకేసారి కళ్ళు మూసుకున్నారా?" "అవును మేడమ్. మేం అలాగే దండం పెట్టుకుంటాం." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఒక్క అక్షరం నమ్మేట్టూ లేదు. ఆ గదిలో కళ్ళు తెరిచి ఉన్నది భైరవ ఒక్కడే, వాణ్ణి అడగడానికి ఏ రూల్లోనూ వీల్లేదు. హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు సోమవారం నిర్ణయం చెబుతారని, అప్పటిదాకా వాణ్ణి ఆ గది దాటించొద్దని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

తెల్లారితే ఆదివారం. వాట్సాప్ గ్రూప్‌లో ఒక్కొక్కరే 'లెఫ్ట్' అయిపోయారు. మొన్నటిదాకా దండాలు పెట్టినవాళ్ళే, ఇవాళ మా వీధిలోంచి కార్ పోనివ్వడానికి కూడా భయపడుతున్నారు. అన్నయ్య ఫోన్ పట్టుకుని అన్ని కౌంటీల రూల్సూ చదువుతున్నాడు, ఇప్పుడు. వదిన అన్నం ఓపెన్ గిన్నెలో వండింది. ఎందుకని అడిగితే, "కుక్కర్ బంద్ జేసిన పిల్లా. వాడు కూసిండంటే పక్కోళ్ళు మళ్ళ ఫోన్ జేస్తరు" అని, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను మెషీన్ పక్కన గచ్చు మీద కూర్చున్నాను. వాడు తల నా మోకాలి మీద పెట్టాడు. ఊళ్ళో అందరి శనీ వాడి చేత వదిలించుకుందామని చూశాం. ఆఖరికి వాడికి పట్టిన ఏలినాటి శని మేమేనని అప్పుడు తెలిసొచ్చింది. నా లాటరీ ఏ గంగలో కలిసినా సరే, వీణ్ణి మాత్రం బతకనీ అని మొక్కుకున్నాను. ఎవరికి మొక్కానో నాకే తెలియదు.

సోమవారం ఆఫీసర్ రాకముందే ప్రాజెక్ట్ మేనేజర్ అంకుల్ వచ్చాడు. వేలికి పెద్ద కట్టు. చెప్పులు విప్పి, లాండ్రీ రూమ్ ముందు గచ్చు మీద చతికిలబడ్డాడు. "నర్సు అడిగితే ఉన్నది చెప్పానమ్మా. ఇలా అవుతుందని నాకేం తెలుసు? చంపేస్తారంటగా" అన్నాడు. ఇంతలో ఆఫీసర్ వచ్చింది. ఆయన లేచి నిలబడి, ఏదో స్టేటస్ మీటింగ్‌లో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. "మేడమ్, పన్నో పళ్ళెమో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నాకు జబ్బు వస్తుందనే కదా ఆ పరీక్ష? పిచ్చికుక్క కాటు ఇంజెక్షన్లు నాకు వేసేయండి. అన్నీ వేయండి. ఐ విల్ టేక్ ఆల్. ప్లీజ్ క్లోజ్ దిస్ టికెట్." సూదంటే స్పృహ తప్పే మనిషి ఆయన, ఫ్లూ షాట్‌కి కూడా ఆంటీ చెయ్యి పట్టుకోవాలి. ఆఫీసర్ బయటికెళ్ళి ఫోన్‌లో చాలాసేపు మాట్లాడింది. కరిచిందని తేలలేదు కాబట్టి, అంకుల్ సూదులు వేయించుకుంటాడు కాబట్టి, హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు సరేనన్నారట. కాకపోతే ఈ వారంలోపు వాడు కౌంటీ దాటాలి, మళ్ళీ రాకూడదు. అంకుల్ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. ఆ క్షణంలో ఆయనంటే నాకున్న చిరాకంతా పోయింది (తర్వాత కొంచెం తిరిగొచ్చిందనుకోండి).

కొండల్లో, ఉంచుకోవడానికి ఒప్పుకునే కౌంటీలో, ఇలాంటి ప్రాణుల కోసమే ఒక ఆశ్రయం ఉంది. అక్కడికి తీసుకెళ్ళాం. భైరవ కార్ దిగలేదు. నేను వెనక సీట్లోకి ఎక్కి వాడి పక్కన కూర్చున్నాను, నేను దిగితే దిగాడు. అక్కడ చూసుకునే ఆవిడ బూట్లేసుకుని, చాలా దిట్టంగా ఉంది. "ఏం తింటాడు?" అని అడిగింది. పప్పన్నం, శనివారం నువ్వుల నూనె చపాతీ అన్నాను. ఆవిడ నా చేతిలో చపాతీ డబ్బా చూసి, "ఇక్కడ బయటి తిండి పెట్టకూడదు. రూల్" అంది. అదీ ఒక రూలే! చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. వాడు చెట్ల వైపు రెండడుగులు వేసి, వెనక్కి చూసి, మళ్ళీ వెళ్ళాడు. మేం కార్ తిప్పుతుంటే కొండ మీంచి ఊ... అని ఒకటి, దాని వెంట ఇంకొన్ని. వదిన కిటికీ దించి విని, "ఈడెవరు పెట్టిండ్రే కుక్కరు?" అంది. ముగ్గురం నవ్వుతూ ఏడ్చాం, ఏడుస్తూ నవ్వాం. దారంతా అదే పని.

ఆ వసంతంలో లాటరీలో నా పేరు వచ్చింది. చపాతీల మహిమేనని అమ్మ, తన వేలి మహిమని అంకుల్ ఇప్పటికీ వాదిస్తారు (అంకుల్ గ్రీన్ కార్డ్ మాత్రం ఇంకా రాలేదు). నేను ఉద్యోగం పనిమీద టెక్సాస్ వెళ్ళాను, పెళ్ళయింది, నల్లకుక్కలతో అవసరం లేని రోజులు వచ్చాయి. మొన్నామధ్య అటు వెళ్ళినప్పుడు, ఒక శనివారం చూసుకుని కొండెక్కాను. భైరవ ఉన్నాడు. మూతి నెరిసింది. మనుషులు కనబడగానే చెట్ల వెనక్కి వెళ్ళిపోయాడు. "వాడు ఎవరి దగ్గరికీ రాడు, ఏమీ అనుకోకండి" అంది అక్కడి బూట్లావిడ. చపాతీ తేలేదు నేను, రూల్ కదా. కానీ కార్లో అరచేతికి నువ్వుల నూనె బాగా పట్టించుకుని వచ్చాను. ఒళ్ళు పొడిబారితే నూనె రాసుకోకూడదని ఎక్కడా రూల్ లేదు, ఈసారి స్టేట్‌తో పాటు కౌంటీది కూడా చదివి మరీ వచ్చాను. కంచెకు చెయ్యి ఆనించి, కళ్ళు మాత్రం మూసుకోకుండా, పైకే చదివాను. "కాశ్యప గోత్రోద్భవస్య, భైరవ నామధేయస్య..." అప్పట్లో ఊరందరి పేర్లూ వాడికి వినిపించాను, వాడి పేరు మీద చదవడం అదే మొదలు.

చెట్ల వెనక నుంచి ముక్కు బయటికొచ్చింది. మెల్లగా, కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. చపాతీ కోసం చూసి, లేదని తెలిశాక, ఎప్పటిలాగే ఎంతో మర్యాదగా, నా అరచెయ్యి మొత్తం నాకి శుభ్రం చేశాడు. బూట్లావిడ నోరు తెరుచుకుని చూస్తోంది. "ఏం చదివావు? దేనికది?" అని అడిగింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు వేరే ఇంగ్లీషు దొరకలేదు. "ఫర్ సాటర్న్" అన్నాను. ఈసారి ఎవరూ కుక్కని లాక్కుని వెళ్ళిపోలేదు. గేటు మూసే టైమైంది, వెళ్ళాల్సినదాన్ని నేనే.